ఎదురు గోడ నుంచి వచ్చిన వెలుతురు: పెరంబూరు గ్రంథాలయపు పఠన మందిరం – ఒక కేస్ స్టడీ

చెన్నై పెరంబూరులో రైల్వే కర్మాగారాల చుట్టూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరాలుగా నడుపుకొస్తున్న ఒక చిన్న గ్రంథాలయంలో, పగటి వెలుతురును బాగు చేయడానికి జరిగిన పనికి ఇది పూర్తి వివరణ. గ్రంథాలయాన్ని నడిపే సంఘం వారి కోరిక మేరకు గ్రంథాలయం పేరు గానీ, పొరుగువారి పేరు గానీ రాయడం లేదు. ఆర్కిటెక్టుగా నా పరిశోధన అంతా మొదటి నుంచీ ఒక్క ప్రశ్న చుట్టూనే సాగింది: ఎండ దండిగా కాసే ఊళ్ళో, ఇరుకు సందులో, కిటికీలోంచి ఆకాశం కనబడని గదికి వెలుతురు ఎక్కడి నుంచి రావాలి? నేను పనిచేసిన భవనాల్లో ఈ ప్రశ్నకు ఇంత సూటిగా జవాబు చెప్పింది మరొకటి లేదు.

భవనం, దాని చిక్కు

ఇది పాత రెండంతస్తుల కట్టడం. పైకప్పు మద్రాసు టెర్రస్, అంటే టేకు దూలాల మీద వాసాలు పరిచి, వాటి మీద ఇటుకలను అంచున నిలబెట్టి సున్నంతో కట్టినది. పై అంతస్తులో ఉన్న పఠన మందిరం తూర్పు పడమరలుగా 9 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 6 మీటర్లు ఉంటుంది. దక్షిణపు గోడ పక్కింటితో ఉమ్మడి గోడ కాబట్టి దానికి కిటికీలు లేవు. పడమర మెట్లు ఉన్నాయి. తూర్పున వీధి వైపు రెండు కిటికీలు, ఉత్తరాన రెండున్నర మీటర్ల సందులోకి నాలుగు కిటికీలు ఉన్నాయి. ఒకప్పుడు ఆ సందుకు అవతల పెంకుటిల్లు ఉండేదట. దాన్ని పడగొట్టి నాలుగు అంతస్తుల ఇల్లు కట్టాక, ఉత్తరపు కిటికీల దగ్గర కూర్చున్నవారికి ఆకాశం బదులు సిమెంటు గోడ కనబడసాగింది. ఆ గోడకు రంగు వేయలేదు. పైనున్న వాన నీటి గొట్టం పగిలి కారడంతో గోడ పొడవునా నల్లని పాచి చారలు దిగాయి.

అప్పటి నుంచి మందిరంలో ట్యూబులైట్లు పొద్దున్నుంచే వెలుగుతుండేవి. పాఠకులందరూ తూర్పు కిటికీల దగ్గరకు చేరేవారు. అయితే ఉదయపు ఎండ సూటిగా కళ్ళలో పడుతుండటంతో అక్కడా పరదాలు వేయాల్సి వచ్చేది. కాంట్రాక్టరు ఒకరు రెండు పనులకు అంచనా వేసి ఇచ్చారు: ఉత్తరపు కిటికీలను వెడల్పు చేయడం, ఫాల్స్ సీలింగు దించి అందులో ఎల్‌ఈడీ పలకలు బిగించడం. ఈ రెంటిలో ఏది మేలో చెప్పమని మాత్రమే సంఘం వారు నన్ను పిలిచారు.

చూడటం, కొలవడం

లక్స్ మీటరు (ఒక చోట పడే వెలుతురును లక్స్‌లలో కొలిచే పరికరం) తీయడానికి ముందు నేను మనుషులు కూర్చునే తీరును చూస్తాను. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన రోజూ ఉత్తరపు గోడ పక్క బల్ల దగ్గర కిటికీకి వీపు పెట్టి కూర్చునేవారు. దినపత్రికను బల్ల మీద పరిచేవారు కాదు. రెండు చేతులతో ఛాతీ ఎత్తున నిలువుగా పట్టుకుని, కాస్త వెనక్కి వాల్చి, వెలుతురు ఏ మూల నుంచి వస్తుందో వెతుకుతున్నట్టు కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతూ చదివేవారు. ద, ధ, థ అక్షరాల మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. పత్రికల బూడిద రంగు కాగితం మీద వాటిని పోల్చుకోవాలంటే అరవై దాటిన కంటికి వెలుతురు బాగా ఉండాలి. ఇరవై ఏళ్ళ వయసులో రెటీనాకు చేరే వెలుతురులో సుమారు మూడో వంతు మాత్రమే అరవయ్యో ఏట చేరుతుందని కంటి శాస్త్రం చెబుతుంది. వయసుతో కంటి కటకం పసుపుబారి మసకబారడం, కనుపాప అంతగా విచ్చుకోకపోవడం అందుకు కారణాలు. ఆ మసక కటకంలో వెలుగు చెదరడం వల్ల మిరుమిట్లను తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. అంటే ఈ పాఠకులకు వెలుతురు ఎక్కువ కావాలి, అది కంట్లో గుచ్చుకోకుండానూ ఉండాలి.

అందువల్ల బల్ల ఎత్తున అడ్డంగా కొలవడంతో సరిపెట్టకుండా, పత్రిక పట్టుకునే వాలులో కూడా కొలిచాము. ఒకరు డాబా మీద మీటరు పట్టుకుని బయటి వెలుతురును చదువుతుంటే, అదే క్షణంలో లోపల మరొకరు గళ్ళుగా గుర్తించిన చోట్ల చదివారు. బయటి అంకె తెలియని లోపలి అంకెకు నా దృష్టిలో విలువ లేదు. మబ్బు తునక ఒకటి అడ్డు వచ్చిందంటే గదిలోని అంకెలన్నీ మారిపోతాయి. శీతకాలపు తేట మధ్యాహ్నం ఉత్తరపు కిటికీల పక్కన సుమారు 180 లక్స్ ఉంటే, దక్షిణపు గోడ పక్కనున్న బల్లల మీద 40 కూడా అందలేదు. తూర్పు కిటికీల వద్ద ఉదయం 2000 లక్స్ దాటిపోయేది. చదువుగది బల్లలకు మన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2440 సూచించే పగటి వెలుతురు గుణకం, అంటే బయటి వెలుతురులో లోపలికి చేరే శాతం, 1.9 నుంచి 3.75. ఆ ప్రమాణం బయట 8000 లక్స్ ఉన్నట్టు తీసుకుంటుంది గనుక ఒక శాతం అంటే 80 లక్స్. అలా చూస్తే కావలసింది సుమారు 150 నుంచి 300 లక్స్. లోపలి బల్లలకు అందినది అందులో మూడో వంతైనా కాదు.

పుస్తకాల ఆకాశం, మన ఆకాశం

ఇక్కడ కొంత వెనక్కి వెళ్ళి, నా పరిశోధన ఈ దారి పట్టడానికి కారణం చెప్పాలి. పగటి వెలుతురు శాస్త్రం చాలావరకు మబ్బు పట్టిన దేశాల్లో పుట్టింది. 1942లో మూన్, స్పెన్సర్ అనే పరిశోధకులు ఇచ్చిన సూత్రం ప్రకారం పూర్తిగా మబ్బు కమ్మిన ఆకాశం నడినెత్తిన ఉన్నంత వెలుగుగా అంచుల్లో ఉండదు. నడినెత్తి వెలుగు దిగంతపు వెలుగుకు మూడు రెట్లు. ప్రపంచమంతా వాడే లెక్కలు ఈ ఆకాశం మీదే నిలిచాయి. అలాంటి చోట ఎదురు కట్టడం అంటే వట్టి నష్టమే. అది దాచేసిన ఆకాశపు వెలుగులో ఒక చిన్న భాగాన్ని మాత్రమే ఆ గోడ తిరిగి ఇస్తుందని లెక్క కడతారు.

మన దేశంలో ఈ తేడాను గుర్తించినవారు రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు. మన ఆకాశం ఏడాదిలో ఎక్కువ కాలం తేటగా ఉంటుంది కాబట్టి, సూర్యుడు 15 డిగ్రీల ఎత్తున ఉన్నప్పటి నీలాకాశాన్ని, నేరుగా పడే ఎండను మినహాయించి, ప్రమాణంగా తీసుకున్నారు. 1975 నాటి ఐ.ఎస్. 2440కు ఆధారం అదే. విద్యార్థిగా ట్రేసింగు కాగితం మీద ప్రొట్రాక్టర్లతో లెక్కలు వేసే రోజుల్లోనే ఆ ప్రమాణం మీద నాకు ఎంతో గౌరవం ఏర్పడింది. ఆ గౌరవం నేటికీ తగ్గలేదు. అయితే ఎండను లెక్కలోంచి తీసేయడం వల్ల, ఎండ పడిన గోడ కూడా లెక్కలోంచి జారిపోతుంది. చెన్నైలోని షావుకారుపేటలో, తిరువల్లిక్కేణిలో, మైలాపూరు సందుల్లో నేను ఏళ్ళ తరబడి గోడల వెలుగును కొలుస్తూ తిరిగింది ఆ జారిపోయిన భాగం కోసమే.

లెక్క చాలా తేలికైనది. చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 53 డిగ్రీలకు కాస్త పైన ఉంటాడు. అప్పుడు దక్షిణం వైపు తిరిగిన నిలువు గోడ మీద సుమారు 50,000 లక్స్ ఎండ పడుతుంది. ఆ గోడ తన మీద పడిన వెలుగులో మూడింట రెండు వంతులను తిప్పి పంపేదైతే, దాని ప్రకాశం, అంటే చూసే కంటికి ఆ గోడ నుంచి వచ్చే వెలుగు, చదరపు మీటరుకు పది వేల క్యాండెలాల (ప్రకాశాన్ని కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. సూర్యుడికి దూరంగా ఉండే ఉత్తరపు నీలాకాశం ప్రకాశం సాధారణంగా రెండు వేల నుంచి ఐదు వేల మధ్యలోనే ఉంటుంది. అంటే ఎండ పడిన తెల్లగోడ తాను దాచిన ఆకాశం కంటే ఎక్కువ వెలుగునిస్తుంది. పెరంబూరు గ్రంథాలయానికి ఎదురుగా ఉన్నది సరిగ్గా దక్షిణపు ముఖం ఉన్న గోడ. పాచి పట్టిన సిమెంటు కావడంతో అది తన మీద పడిన వెలుగులో ఐదో వంతు మాత్రమే వెనక్కి పంపేది.

ఎండ ఆ గోడ మీద ఎంత కిందికి దిగుతుందో కూడా చూడాలి, ఎందుకంటే మన భవనపు నీడ దాని మీద పడుతుంది. సందు రెండున్నర మీటర్లు గనుక, డిసెంబరు మధ్యాహ్నం మన పిట్టగోడ మట్టానికి 3.4 మీటర్ల కింది దాకా ఎండ దిగుతుంది. అది పై అంతస్తు కిటికీకి దాదాపు సగం ఎత్తు. మార్చి, సెప్టెంబరు నెలల్లో విషువత్తుల (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల) సమయానికి సూర్యుడు 77 డిగ్రీల ఎత్తుకు చేరుతాడు కాబట్టి ఎండ సందు నేల దాకా దిగుతుంది, కానీ గోడను ఏటవాలుగా రాసుకుంటూ పోతుంది గనుక తీవ్రత సగం కంటే కిందికి తగ్గుతుంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు. ఆ రోజుల్లో ఎదురు గోడకు మధ్యాహ్నపు ఎండ ఉండదు. అప్పుడు నడిమధ్యాహ్నం కాసేపు మన ఉత్తరపు గోడ వెలుపలి ముఖం మీద ఎండ పడుతుంది, అది ఎదురు గోడను వెలిగిస్తుంది, అక్కడి నుంచి కిటికీకి వస్తుంది. కాబట్టి తెల్లగా ఉండవలసింది రెండు గోడలూను.

ఈ సందునూ గదినీ లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో గ్రెగ్ వార్డ్ రూపొందించిన, వెలుతురును లెక్కకట్టే రేడియన్స్ సాఫ్ట్‌వేర్‌లో నమూనాగా కట్టి, మా కొలతలతో సరిపోల్చి, ప్రతిపాదనలను పరీక్షించాము. నిజానికి ఫలితం ముందే ఊహించదగినది. కిటికీ వెడల్పును సగం పెంచితే వచ్చే వెలుతురు ఒకటిన్నర రెట్లకు మించదు, పైగా పాత ఇటుక గోడను తొలిచి కొత్త లింటెళ్ళు (కిటికీ పైన బరువు మోసే అడ్డదూలాలు) వేయాలి. ఎదురు గోడ ఐదో వంతు నుంచి మూడింట రెండు వంతులు తిప్పి పంపేలా మారితే, అదే కిటికీ నుంచి మూడు రెట్లకు పైగా వస్తుంది. ఫాల్స్ సీలింగు అయితే కిటికీ పైభాగం నుంచి కప్పు మీద పడి లోపలికి పాకే వెలుతురుకే అడ్డుగా నిలిచేది. ఎత్తైన పాత కప్పు ఉన్న ఏ గదికైనా ఫాల్స్ సీలింగు వద్దని నేను గట్టిగా చెబుతాను.

పొరుగువారి గోడ

పని అంతటిలో కష్టమైన భాగం ఇదే, ఎందుకంటే ఆ గోడ గ్రంథాలయానిది కాదు. సంఘంలోని కొందరు యువకులు లాయరు నోటీసు ఇద్దామన్నారు. 1882 నాటి భారత ఈజ్‌మెంట్స్ (పొరుగు ఆస్తి మీద అనుభవ హక్కుల) చట్టం 15వ సెక్షను ప్రకారం ఇరవై ఏళ్ళు ఆటంకం లేకుండా అనుభవించిన వెలుతురు హక్కుగా మారుతుంది. గ్రంథాలయం అంతకంటే చాలా ఎక్కువ కాలం అనుభవించింది. నేను వద్దన్నాను. కోర్టు ఏళ్ళ తర్వాత నష్టపరిహారం ఇప్పించినా దానితో ఒక్క బల్ల మీదికైనా వెలుతురు రాదు, పైగా ఆ గోడకు ఎన్నటికీ సున్నం పడదు.

ఆ ఇంటి యజమానురాలు తమిళ కుటుంబానికి చెందిన పెద్దావిడ. చిన్నప్పటి నుంచి రైల్వే క్వార్టర్ల మధ్య పెరిగినందువల్ల తెలుగు బాగానే మాట్లాడతారు. గ్రంథాలయ కార్యదర్శి గారితో కలిసి వెళ్ళినప్పుడు ఆవిడ సూటిగానే అడిగారు.

“మా గోడకు మీరెందుకు సున్నం వేస్తామంటున్నారు? రేపు నేను ఇంకో అంతస్తు వేసుకోవాలంటే, మా వెలుతురు పోతోందని అడ్డం వస్తారా?”

“లేదమ్మా. గోడ మీది, హక్కూ మీదే. ఆ మాట కాగితం మీద రాసిస్తాం. దాని మీద పడే ఎండే మాకు కావలసింది,” అన్నారు కార్యదర్శి గారు.

ఆవిడ భయం న్యాయమైనదే. అందుకే, సున్నం వేసినంత మాత్రాన ఏ హక్కూ కోరబోమని, పగిలిన గొట్టాన్ని సంఘం ఖర్చుతో మార్పిస్తామని, సున్నం మళ్ళీ వేయవలసి వచ్చినప్పుడల్లా ముందుగా అనుమతి అడుగుతామని ఒక ఉత్తరం రాసి ఇచ్చాము. ఆ ఇంటి వంటగది కిటికీలు కూడా ఈ సందులోకే తెరుచుకుంటాయి. గ్రంథాలయపు ఉత్తరపు గోడ తెల్లబడితే ఆ వంటగదులకూ వెలుతురు పెరుగుతుందని చెప్పి, ముందు మన గోడకే సున్నం వేయించాము. అది ఆరిన తర్వాత ఆవిడే తన వంటింట్లో తేడా చూసి ఒప్పుకున్నారు.

గొట్టం మార్చి, పాచిని గీకి, గోడ పూర్తిగా ఆరేదాకా ఆగి, కొద్దిగా పసుపు మట్టి కలిపిన సున్నం వేయించాము. మెరిసే పెయింటు వద్దనడానికి కారణం ఉంది: నునుపైన పూత ఎండను అద్దంలా ఒకే దిక్కుకు విసురుతుంది, గరుకైన సున్నం అన్ని వైపులకూ పరుస్తుంది. మల్లెపువ్వులాంటి తెలుపు కూడా వద్దనుకున్నాము. డిసెంబరు మధ్యాహ్నం కిటికీలోంచి కనబడే ఆ గోడే పెద్దవాళ్ళ కళ్ళకు మిరుమిట్లు తెప్పించగలదు. వీనోల్డ్, క్రిస్టాఫర్సన్ అనే పరిశోధకులు 2006లో ప్రతిపాదించిన మిరుమిట్ల సూచికతో నమూనాలో పరీక్షించి, కిటికీకి ఎదురుగా చూస్తూ కూర్చుంటే ఇబ్బంది ఉంటుందని, పక్కవాటుగా కూర్చుంటే ఉండదని తేల్చుకున్నాకే ఆ ఛాయను ఖాయం చేశాము.

గది లోపల

లోపలి పనులు చిన్నవే. దక్షిణపు గోడను ముంచేసిన ముదురాకుపచ్చ బీరువాలను పడమటి వైపు మెట్ల పక్కకు జరిపి, ఆ గోడకూ, వాసాల మధ్య ఇటుక కప్పుకూ సున్నం వేయించాము. టేకు దూలాలను అలాగే ఉంచాము. బల్లలను తొంభై డిగ్రీలు తిప్పి, ఉత్తరపు వెలుతురు చదివేవారి ఎడమ భుజం మీదుగా వచ్చేలా చేశాము.

తూర్పు కిటికీలది వేరే సంగతి. ఏడాది పొడవునా సూర్యుడు ఇక్కడ నేరు తూర్పుకు అటూ ఇటూ 25 డిగ్రీల లోపలే ఉదయిస్తాడు. ఉదయపు ఎండ అడ్డంగా వస్తుంది కాబట్టి సన్‌షేడ్ ఎంత పొడుగున్నా దాన్ని ఆపలేదు. అదృష్టవశాత్తూ ఆ కిటికీల పాత టేకు రెక్కలు, అడ్డపట్టీలు ఉన్నవి, అటక మీద పడి ఉన్నాయి. వాటిని దించి, విరిగిన పట్టీలు మార్పించి, మళ్ళీ బిగించాము. పట్టీలను లోపలి వైపు పైకి వాలేలా తిప్పితే ఎండ కళ్ళలో పడకుండా కప్పు మీదికి వెళ్ళి, అక్కడి నుంచి మెత్తగా కిందికి దిగుతుంది. మద్రాసు పాత ఇళ్ళ వడ్రంగులు పట్టీల మందం, వాటి మధ్య ఎడం ఎంత నేర్పుగా కుదిర్చారో వాటిని చేత్తో తిప్పి చూస్తేనే తెలుస్తుంది. మూడు వేళ్ళతో నెడితే పట్టీలన్నీ ఒక్కసారి కదులుతాయి, వదిలిన చోట నిలుస్తాయి.

ఫలితం

మరుసటి శీతకాలంలో అదే వేళకు, బయటి వెలుతురు దాదాపు అంతే ఉన్న రోజున కొలిస్తే, దక్షిణపు బల్లల మీద సుమారు 150 లక్స్ ఉంది. ఉత్తరపు కిటికీల పక్కన 400 దాటింది. అన్నిటికంటే నాకు ముఖ్యమైనది గదిలో హెచ్చుతగ్గుల అంతరం తగ్గడం, ఎందుకంటే కన్ను వెలుతురును పక్కనున్న వెలుతురుతో పోల్చే చూస్తుంది. నబీల్, మార్డల్జెవిక్ అనే పరిశోధకులు 2005లో చెప్పిన ఉపయుక్త వెలుతురు కొలమానం 100 లక్స్ కంటే తక్కువను చాలనిదిగా, 2000 కంటే ఎక్కువను ఇబ్బందిగా పరిగణిస్తుంది. మన 2017 నాటి ఇంధన పొదుపు భవన నియమావళి కూడా ఈ రెండు హద్దులనే స్వీకరించింది. ఆగస్టు చివరి నుంచి ఏప్రిల్ దాకా తేట రోజుల్లో ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు బల్లలన్నీ ఈ హద్దుల మధ్యే ఉంటున్నాయి. ట్యూబులైట్లను కిటికీలకు సమాంతరంగా వరుసలవారీగా వేరువేరు స్విచ్చులకు కలిపించడంతో, ఆ నెలల్లో పగలు వెలిగేవి చాలా తక్కువ.

ఈశాన్య రుతుపవనాల మబ్బు రోజుల్లో, మే, జూన్ నెలల్లో లోపలి వరుసకు ఇప్పటికీ దీపాలు కావాలి. మునుపటి కంటే మెరుగే గానీ, ఆ రోజుల్లో సున్నపు గోడ ఒక్కటే చాలదు. బల్లకొక చిన్న దీపం, ఎవరికి వారు వేసుకునేలా, పెట్టించమని సూచించాను. పెద్దవయసు పాఠకులకు ఒక్కొక్కరి అవసరం ఒక్కోలా ఉంటుంది కాబట్టి అందరికీ ఒకే పైదీపం కంటే అదే మంచిది. సున్నం వానలకు వెలిసిపోతుంది; ప్రతి ఏటా సంక్రాంతికి ముందు గోడను చూసి, అవసరమైతే మళ్ళీ వేయించే బాధ్యతను సంఘం తన ఖర్చుల పద్దులో చేర్చుకుంది.

మిగిలింది కింది అంతస్తులోని పిల్లల విభాగం. అక్కడి కిటికీల ఎత్తుకు ఎదురు గోడ మీద మధ్యాహ్నపు ఎండ దిగాలంటే సూర్యుడు దక్షిణాన 71 డిగ్రీలకు పైన ఉండాలి. అది మార్చి మొదటి వారం నుంచి ఏప్రిల్ చివరి వరకు, మళ్ళీ ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మొదటి వారం దాకా మాత్రమే జరుగుతుంది. ఆ గదిని ఏం చేసినా ఏడాదంతా చదువుకు తగినదిగా చేయలేమని నా అభిప్రాయం. పుస్తకాల అరల గదికి ఐ.ఎస్. 2440 కోరేది 0.9 నుంచి 1.9 శాతమే, పైగా వెలుతురు తక్కువైతే పాత కాగితం ఎక్కువ కాలం నిలుస్తుంది. కాబట్టి పై అంతస్తులోని అరలను కిందికి దించి, పిల్లలను పైకి, తూర్పు కిటికీల పక్కకు తీసుకురమ్మని సలహా ఇచ్చాను. పాత దూలాల మీది నుంచి అంత బరువు దిగడం కప్పుకూ మేలే. కార్యవర్గం ఒప్పుకుంది, బీరువాల కొలతలు తీసుకున్నాము, ఉగాది తర్వాత మార్పు మొదలవుతుంది.